అప్ప తెచ్చిన పది కోళ్లు

అప్ప వస్తున్నట్టు ఫోను చెయ్యలేదు. పొద్దున్న పది దాటేక వీధిలో ఆటో ఆగితే ఎవరా అని బయటికొచ్చి చూశాను. మా అక్క. చిన్నప్పట్నుంచి అప్ప అనే పిలుస్తాను. రెండు వెదురు గంపలు దింపుకుంటోంది. వాటి మూతుల మీద పాత చీర ముక్కలు బిగించి కట్టి ఉన్నాయి. ఒక చిరుగులోంచి కోడి ముక్కు బయటికొచ్చి మళ్లీ లోపలికి పోయింది. ఎచ్చెర్ల అవతల ఆమె ఊరు. అక్కడి నుంచి శృంగవరపుకోట దగ్గర మా ఊరికి రెండు బస్సులు మారి, ఆటో ఎక్కాలి. ఆ గంపలతో ఎంతమంది కండక్టర్ల చేత మాటలు పడిందో, మొహం వాడిపోయి ఉంది.

"ఊరు బాగోనేదే సెల్లీ," అంది గుమ్మం బయటే నిలబడి.

కోళ్లున్న ఇళ్లలో ఆ మాటకి ఒకటే అర్థం. కొక్కెర తెగులు వచ్చింది. ఆ పేరు మాత్రం ఎవరూ పైకి అనరు. అంటే వెంట వస్తుందని భయం. అది వచ్చిందంటే వారం తిరక్కుండా వీధికి వీధి కోడికూత లేకుండా పోతుంది. అందుకని ఊళ్లో రెండు మూడు ఇళ్లలో కోళ్లు తల వాల్చెయ్యగానే మిగిలినవాళ్లు ఇంకా బాగున్నవాటిని గంపల్లో పెట్టుకుని చుట్టాల ఊళ్లకి తీసుకుపోయి దాచుకుంటారు. ఊరు కుదుటపడ్డాక వచ్చి తీసుకుపోతారు. అలా తెచ్చినవాళ్లని "ఇవి బాగున్నాయా?" అని అడగకూడదు. అడిగితే మనిషిని అనుమానించినట్టే. "ఎన్ని?" అని మాత్రం అడిగి లోపల పెట్టుకోవాలి.

నేనూ "ఎన్నప్పా?" అనే అడిగాను. నా కళ్లు మాత్రం గంపల కింద కారిన రెట్టల మీద ఉన్నాయి.

"పది. తొమ్మిది పెట్టలు, ఒక పుంజు," అంది. గంప మీది గుడ్డ సర్దుతూ, "అవే ఉన్నాయింక," అంది.

ఆ పది కోళ్లూ ఆమెకి ఏమిటో నాకు తెలుసు. మా బావ పోయాక ఆమె ఒక్కతే ఉంటోంది. యూనివర్సిటీ దగ్గర క్వార్టర్సులో నాలుగైదు ఇళ్లకి నాటుకోడి గుడ్లు వాడుకగా ఇస్తుంది. బతుకు సగం వాటి మీదే. అదొక్కటే కాదు. మా అమ్మ మా ఇద్దరికీ పెళ్లిళ్లప్పుడు చెరొక పెట్టని ఇచ్చి పంపింది. కాళ్ల మీద కూడా ఈకలుండే జాతి. నాది రెండేళ్లకే ముంగిస పాలైంది. అప్ప దగ్గరున్నది మాత్రం పిల్లలు పెట్టి, ఆ పిల్లలు పిల్లలు పెట్టి, పాతికేళ్లుగా తెగకుండా వచ్చింది. ఇప్పుడు నా పెరట్లో తిరుగుతున్న పధ్నాలుగు కూడా ఆమె ఇచ్చిన గుడ్లు పొదగేసి లేపినవే. అమ్మ పోయింది, అమ్మ ఇల్లు పడిపోయింది. ఆమె చేతి సొమ్ము ఇంకా కదులుతూ కనబడేది ఆ కోళ్లలోనే.

నాకు ఇంకో తెగులుంది. అన్నీ తెలుసుననుకోవడం. అంతకు ముందు ఏడాది మండలంలో పొదుపు సంఘాల ఆడవాళ్లకి రెండు రోజులు కోళ్ల పెంపకం మీద శిక్షణ ఇచ్చారు. దాని కాగితం ఫ్రేము కట్టించి టీవీ పైన పెట్టుకున్నాను. తెగులున్న ఊరి నుంచి వచ్చిన కోడిని మన కోళ్లలో కలపకూడదని, మూడు వారాలు వేరుగా ఉంచాలని, ముందు మన కోళ్లకి మేత వేసి తర్వాతే వాటి దగ్గరికి వెళ్లాలని అక్కడ చెప్పారు. చెప్పినదాంట్లో తెగులు రాకముందే టీకా మందు వేయించాలని కూడా ఉంది. అది వందేసి కోళ్లకి సరిపడే సీసాల్లో వస్తుంది, ఊళ్లో పదిమంది కలిస్తేగాని తెప్పించడానికి కుదరదు. కలుద్దాం, కలుద్దాం అంటూ వేసవి దాటించేశాం. ఆ సంగతి ఫ్రేములో కనబడదు కదా.

గంపల్ని పెరట్లోకి రానివ్వలేదు. ఆవుల్ని అమ్మేశాక ఖాళీగా పడున్న సాల ఒకటి ఇంటికి అవతలి పక్కన ఉంది. వీధి వైపు నుంచే అక్కడికి పట్టుకుపోయి తలుపు వేశాను. అప్ప వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. వేరే తట్ట, వేరే నీళ్ల మూకుడు, గడప దగ్గర బ్లీచింగ్ కలిపిన నీళ్ల బేసిను, దాని పక్కన పాత చెప్పుల జత. ఎందుకని ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. కానీ ఆ బేసినులో నేను కాళ్లు ముంచి బయటికొచ్చినప్పుడు ఆమె మొహం పక్కకి తిప్పుకుంది.

మా అత్త అరుగు మీంచి ఇదంతా చూసి ఊరుకునే మనిషి కాదు.

"ఒసే, అది నీ తోడబుట్టిందా, పోలీసోలు పట్టుకొచ్చిన దొంగా?" అంది.

"నువ్వూరుకో అత్తా, నీకు తెల్దు," అన్నాను.

"అవునే, నాకేటి తెలుస్తాది. నా అరవై ఏళ్లలో కోడినే సూడనేదు."

అప్పని ఉత్తి చారుతో పంపడానికి మనసొప్పలేదు. బేసిను దగ్గర ఆమె మొహం చూశాక అసలే ఒప్పలేదు. మర్యాద తక్కువైందన్న బాధ ఉన్నప్పుడు మేం కూర ఎక్కువ చేస్తాం. నా పెట్టలన్నీ గుడ్లు పెడుతున్నాయి. ఆమెవి ముట్టుకోడానికి లేదు. ఆ రోజు సంత. మా ఆయన్ని బండి తియ్యమని, ఇద్దరం వెళ్లి ఒక పుంజుని తెచ్చాం. సంత చివర గట్టు మీద ఒకామె నాలుగు పుంజుల్ని కాళ్లు కట్టి పడేసుకుని కూర్చుంది. అడిగిన దానికి బేరం లేకుండా ఇచ్చేసింది. ఎర్రటి పుంజు, మంచి బరువు. కొంచెం మందకొడిగా ఉంది. ఎండకి సొమ్మసిల్లిందనుకున్నాను. ఇంటికి తెచ్చిన పది నిమిషాల్లో మా ఆయన మెడ కోసేశాడు కాబట్టి అది ఇంకెలా ఉందో చూసే పనే పడలేదు.

పెరట్లో నూతి పళ్లెం దగ్గర, ఆ గచ్చు మీద కూర్చుని ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాసి కడిగి, నేనే కోశాను. అప్ప చెంబుతో నీళ్లు పోస్తోంది. కందనకాయ పైన తిత్తిని చీల్చి కడుగుతుంటే లోపలి వైపు ఎర్రగా చుక్కలు చుక్కలుగా కనబడ్డాయి. మిరపగింజలేమో తింది అనుకుని గోటితో గీరాను. పోలేదు. తీసి పక్కన పడేశాను. నా కోళ్లన్నీ అప్పటికే చుట్టూ మూగి మెడలు చాపుతున్నాయి.

"ఆ పేగులవీ పారీకే. గొయ్యి తీసి పాతీద్దుం," అంది అప్ప.

"పాతడమేటప్పా, ఈటికి పండగ. సూడు ఎలాగ సూస్తన్నాయో," అని నవ్వి, పేగులు, తిత్తి, కొవ్వు అన్నీ ముక్కలు చేసి విసిరాను. అవి కొట్టుకుంటూ, ఒకదాని నోట్లోది ఒకటి లాక్కుంటూ తినేశాయి. కడిగిన నీళ్లు అరటి మొదట్లోకి పోయాయి. ఆ తడిలో కూడా ముక్కులు పెట్టి ఏరుకున్నాయి.

అప్ప మధ్యాహ్నం సరిగ్గా తినలేదు. "ఉప్పెక్కువైందా?" అని అడిగాను. "నేదే, బాగుంది. బస్సులో తిప్పింది," అంది. నాలుగు గంటల బస్సుకి వెళ్లిపోతూ సాల తలుపు దగ్గర ఆగింది. లోపలికి వెళ్లలేదు. సందులోంచి చూసి, "జాగ్రత్తే సెల్లీ. నీ సేతిలో ఎట్టేను," అంది.

ఆ మర్నాటి నుంచి నా బతుకు రెండు ముక్కలైంది. లేవగానే ముందు నా పధ్నాలుగింటికి మేత. నూకలు, చోళ్లు, గంజిలో కలిపిన తవుడు. తర్వాత కాళ్లు చేతులు కడుక్కుని, చీర కుచ్చిళ్లు ఎగ్గట్టుకుని, చెప్పులు మార్చి సాలకి. వాటికి కూడా అవే నూకలు, అవే చోళ్లు, వేరే డబ్బాలోంచి. పరాయి చోట కోడి బెంగ పెట్టుకుంటుంది, గుడ్డు మానేస్తుంది, ఈక రాలుస్తుంది. అందుకని చెరువు గట్టు దగ్గర పుట్ట మీద పాత కుండలో పేడ, గడ్డి కుక్కి బోర్లించి, మర్నాడు దానికి పట్టిన చెదల్ని తెచ్చి వేసేదాన్ని. చెదలు చూస్తే మాత్రం బెంగంతా మర్చిపోయి పరుగెత్తుకొచ్చేవి. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ బేసినులో కాళ్లు.

"ఒసే, నీ కాళ్లు కడగడానికే ఇంకో బోరు తవ్వించాల," అనేది అత్త.

నాకు నవ్వు వచ్చేది కాదు. ప్రతి పొద్దునా ఆ సాలలో వంగుని రెట్టలు చూసేదాన్ని. తెగులు పట్టిన కోడి ముందు ఆకుపచ్చగా, తెల్లగా నీళ్లలా వేస్తుంది. ఆ తర్వాత రెక్కలు జార్చేస్తుంది. నోరు తెరిచి కొక్కరిస్తుంది. ఆఖరికి మెడ వెనక్కి తిరిగిపోతుంది. నా చిన్నప్పుడు అమ్మ కోళ్లు అలా గిరగిరా తిరిగి పడిపోవడం చూశాను. అప్ప పుంజు ఒకసారి తుమ్మితే ఆ పూటంతా నాకు అన్నం సయించలేదు. పదీ లెక్క పెట్టుకుని, పదింటికీ కళ్లు చూసుకుని, నెత్తి మీది జుత్తు ఎర్రగా ఉందో నల్లబడిందో చూసుకుని బయటికొచ్చేదాన్ని. నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు గడిచింది. పదీ గింజకి పరుగెడుతున్నాయి. అప్ప రోజూ ఫోను చేసి ఒకే ప్రశ్న అడిగేది. "తింటన్నాయేటే?" తింటన్నాయి అని చెప్పేదాన్ని. నా కోళ్ల సంగతి కూడా అడిగేది. "నీయి బాగున్నాయి కదా?" అని రెండు రెండు సార్లు. నావాటికేం, దిట్టంగా ఉన్నాయనేదాన్ని.

ఆరో రోజు గూడు తలుపు తీస్తే పదమూడే దిగాయి. ఒక చుక్కల పెట్ట మూల కూర్చుని కళ్లు మూసుకుని ఉంది. పొదుగుకి వచ్చిందనుకుని చెయ్యి కింద పెట్టాను. వేడిగా ఉంది. చేతికి ఆకుపచ్చ తడి అంటింది.

ఆ చేత్తోనే సాలకి పరుగెత్తబోయి, గడప దగ్గర ఆగి, మళ్లీ కడుక్కుని వెళ్లాను. పదీ తలుపు దగ్గర మూగి ఉన్నాయి, మేత కోసం. ఒక్కటీ నలతగా లేదు. కళ్లు మెరుస్తున్నాయి. వాటిని అలా చూస్తుంటే సంతోషం రావాలి. నాకు ఒళ్లు మండింది. మేపింది నేను, చెదలు పట్టుకొచ్చింది నేను, పోయేవి నావా అనిపించింది.

సాయంత్రానికి మూడయ్యాయి. అత్త అల్లం, మిరియాలు నూరి పోసింది. ఉల్లిపాయ రసం పిండింది. మర్నాటికి ఆరు. పెరట్లో ఎక్కడ చూసినా ఏదో ఒకటి నోరు తెరుచుకుని ఊపిరి కోసం మెడ చాపుతోంది. ఆ చప్పుడు చెవిలో పడకుండా ఉండటానికి నేను మిక్సీ వేసుకుని కూర్చున్నాను, అందులో ఏమీ లేకపోయినా. ఎనిమిదో రోజు సాయంత్రానికి పెరట్లో రెండే మిగిలాయి. వాటిలో ఒకటి గుండ్రంగా తిరుగుతోంది.

అప్పుడు అప్పకి ఫోను చేశాను. శిక్షణలో విన్న ఇంకో ముక్క గుర్తొచ్చింది నాకు. కొన్ని కోళ్లు తెగుల్ని మోస్తాయి గాని తాము చావవు. అదే అయ్యుంటుందని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను.

"నీ కోళ్లు నా ఇల్లు తినీసేయప్పా," అన్నాను, ఆమె హలో అనకముందే. "అన్నీ పోయేయి. నీయి మాత్రం గుండ్రాళ్లలాగ ఉన్నాయి. తెలిసే తెచ్చేవు. నీ ఊళ్లో రోగం నా ఇంటికి గంపతో మోసుకొచ్చేవు."

ఆమె నన్ను తిరిగి ఒక్క మాట అన్నా నేను ఆగేదాన్నేమో. అనలేదు. దాంతో నేనింకా రెచ్చిపోయాను.

"రేపొచ్చి పట్టుకుపో," అన్నాను.

"వస్తానే," అంది.

మర్నాడు మొదటి బస్సుకే వచ్చింది. గంపలు తెచ్చుకుంది. పెరటి వైపు చూడనే లేదు. బేసినులో కాళ్లు ముంచి లోపలికి వెళ్లి, ఒక్కొక్కదాన్నీ పట్టుకుని, కాళ్లు తడిమి, గంపలో పెట్టింది. కాఫీ తాగమన్నాను. తల అడ్డంగా ఊపింది. అత్త మాత్రం కర్ర పట్టుకుని అరుగు దిగి వచ్చింది.

"ఒసే బుద్ధినేనిదానా, ఆల ఊరింకా బాగోనేదు. బతికున్న కోళ్లని మళ్లీ ఆ ఊరే పంపిస్తావేటి? ఉండనీ ఆ సాలలో."

"నా ఇంట్లో కోళ్లు నేవింక. ఆల ఇంట్లో ఉంటే నాకేటి," అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఎంత కోపంలోనైనా అనకుండా ఉండాల్సిందని ఆ తర్వాత ఎన్నిసార్లనుకున్నానో.

అప్ప గంప నెత్తికెత్తుకుంటూ అత్త వైపు చూసి, "పర్వానేదు అత్తా," అని వెళ్లిపోయింది.

ఆ రోజే మధ్యాహ్నం పశువుల ఆస్పత్రి నుంచి అసిస్టెంటు వచ్చాడు. మా వీధిలో ఇంకో మూడు ఇళ్లలో కూడా మొదలైందని ఎవరో ఫోను చేశారట. నా దగ్గర ఆఖరి రెండూ ఆ పొద్దున్నే పోయాయి. ఒకదాన్ని తీసుకుని, గ్లౌజులు తొడుక్కుని, నూతి పళ్లెం దగ్గరే కోశాడు. కందనకాయ పైన తిత్తిని కత్తెరతో చీల్చి విప్పి నాకు చూపించాడు.

"ఇదిగోనమ్మా, ఈ రక్తపు సుక్కలే గుర్తు. ఈ తెగులుకే ఇలాగుంటాది."

నేను వంగుని చూశాను. మిరపగింజల్లాంటి ఎర్ర చుక్కలు. నా గోటికి ఆ రోజు తగిలిన గరుకు మళ్లీ తగిలినట్టయింది.

"బయట్నుంచి కోడేదైనా తెచ్చేరా?" అని అడిగాడు.

"మా అప్ప తెచ్చింది," అన్నాను. "పది."

"అవెన్ని పోయేయి?"

"ఒక్కటీ పోనేదు."

"ఎన్నాళ్లున్నాయి?"

"తొమ్మిది రోజులు."

"అయితే అవి కాదమ్మా. వాటికే ఉంటే మీవాటి కన్నా ముందు అవే పడిపోవాల. ఇంకేటి తెచ్చేరు? సంత కోడి తెచ్చి కోసేరా? తెగులు రోజుల్లో సంతకొచ్చేవన్నీ అలాటివే. పడిపోకముందే వదిలించుకుంటారు."

సాలలోని కోళ్ల దగ్గరికి వెళ్లడానికి చెప్పులు మార్చాను, చేతులు బ్లీచింగ్‌తో పగిలేలా కడుక్కున్నాను. తెగుల్ని మాత్రం సంత నుంచి బేరమాడకుండా కొనుక్కొచ్చి, ముక్కలు చేసి, నా చేత్తోనే నా కోళ్ల నోట్లో పెట్టాను. అదీ అప్పకి మర్యాద చెయ్యడానికి. ఆ మర్యాద అయిపోయాక ఆమెనే దొంగని చేశాను. బాగున్న పది కోళ్లని, తొమ్మిది రోజులు కంటికి రెప్పలా చూసుకున్నవాటిని, తెగులున్న ఊరికి నేనే తోలేశాను.

అప్పకి ఫోను చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు.

అసిస్టెంటు దగ్గర ఆ టీకా మందు సీసాలున్నాయి. ఊళ్లో మిగిలినవాటికి వేసినా ఇంకొకటి ఉంటుందన్నాడు. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఇప్పటికే లోపల పట్టి ఉంటే ఈ మందు ఏమీ చెయ్యలేదని, పట్టకపోతే మాత్రం ఆశ ఉందని, అదీ రేపటి లోపల వేస్తేనే అని చెప్పాడు. పొడి మందు ఒక సీసాలో, దాన్ని కలిపే నీళ్లు ఇంకో సీసాలో. ఐసు కరిగితే మందు పాడైపోతుంది. కలిపేక రెండు గంటల్లో అయిపోవాలి. కంట్లో ఒక చుక్క, ముక్కులో ఒక చుక్క.

మర్నాడు పొద్దున్న తలారా స్నానం చేసి, కోళ్ల పెరట్లోకి ఎప్పుడూ వేసుకెళ్లని చీర కట్టుకుని, కొత్త చెప్పులు వేసుకుని బయల్దేరాను. టీ ఫ్లాస్కులో ఐసు ముక్కలు, వాటి మధ్యలో సీసాలు. అత్త ఏమీ వెక్కిరించలేదు. ఫ్లాస్కుకి తడి తుండు చుట్టి ఇచ్చింది. విజయనగరంలో శ్రీకాకుళం బస్సు ముప్పావుగంట ఆలస్యం. నాతవలస దగ్గర హైవే ఎక్కేసరికి ఎండ చుర్రుమంటోంది. ఒళ్లో ఫ్లాస్కుని ఊపి చూసుకునేదాన్ని. మొదట్లో గలగలలాడిన ఐసు, రణస్థలం దాటేసరికి ఉత్తి నీళ్ల చప్పుడైంది. పక్క సీటామె, "పాపకి పాలా అమ్మా?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. అవునన్నాను.

అప్ప ఇంటి వీధిలో ఒక్క కోడి కనబడలేదు. ఆమె తలుపు వేసి ఉంది. లోపల, తను పడుకునే గదిలోనే, మంచం ఎత్తేసి గడ్డి పరిచి, పదింటినీ పెట్టుకుంది. గడప దగ్గర బేసిను. దానిలో బ్లీచింగ్ నీళ్లు. నన్ను చూసి, "కాళ్లు ముంచి రాయే," అంది.

సంత పుంజు సంగతి గుమ్మంలోనే చెప్పేశాను. తప్పు నాదని, నోరు జారిందని, క్షమించమని, ఒకదాని మీద ఒకటి. ఆమె ఫ్లాస్కు అందుకుని, "ముందు మందెయ్యి," అంది. సీసాలు ఇంకా చల్లగానే ఉన్నాయి. ఆమె ఒక్కొక్క కోడినీ చంకలో ఇరికించుకుని తల తిప్పి పట్టుకుంటే నేను కంట్లో ఒక చుక్క, ముక్కులో ఒక చుక్క వేశాను. మొదట్లో గురి కుదరక రెండు మూడు చుక్కలు కింద పోయాయి. తొమ్మిది చటుక్కున రెప్పలార్చి విదిలించుకున్నాయి. ఒక్క పెట్ట మాత్రం ఏ గొడవా చెయ్యకుండా ఊరికే పట్టు ఇచ్చింది. అలా పట్టు ఇవ్వడం నాకు నచ్చలేదు.

నేను తిరిగి వెళ్లలేదు. ఇంటి దగ్గర మేత వెయ్యడానికి నాకు కోళ్లు లేవు. అప్పతోనే ఉన్నాను. వంట గదిలో పడుకున్నాం. తెల్లవారగానే ఇద్దరం ఆ గది గుమ్మంలో నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, లెక్క పెట్టేవాళ్లం. నాలుగో రోజు ఆ పెట్ట పోయింది. అయిదో రోజు పుంజు, ఇంకో రెండు. అప్ప అరవలేదు, ఏడవలేదు. గిన్నెలు మాత్రం మామూలు కన్నా గట్టిగా తోమేది. ఎనిమిదో రోజుకి మూడు పెట్టలు మిగిలాయి. అవి నూకలు ఏరుకుంటున్నాయి. వాటి రెట్టలు గట్టిగానే ఉన్నాయి. ఆ మూడూ ఉంటాయని అప్పటికి తెలిసింది.

ఆ పొద్దున్న ఏడో కోడిని పాతడానికి ఇంటి వెనక గొయ్యి తీశాం. సున్నం, ఉప్పు చల్లాక, పార పట్టుకుని నిలబడి అప్ప మొదటిసారి ఆ మాట ఎత్తింది.

"ఆ రోజు నువ్వు సంత పుంజుని కోసినప్పుడు నేను సూసేనే. ఆ ఎర్ర సుక్కలు. మా ఈదిలో సచ్చిన కోడిని అప్పటికే కోసి సూపించేరు మాకు."

నాకు వెంటనే అర్థం కాలేదు. పేగులు పాతేద్దామన్నది గుర్తొచ్చింది. అన్నం తినకపోవడం గుర్తొచ్చింది. నీయి బాగున్నాయి కదా అని రోజూ రెండేసి సార్లు అడగడం గుర్తొచ్చింది.

"తెలిసీ ఎందుకు సెప్పనేదప్పా? ఒక్క మాటంటే నా కోళ్లు బతికుండును కదా," అన్నాను. గొంతు లేచిపోయింది నాకు.

ఆమె కోపంగా చూడలేదు. అలిసిపోయి ఉంది.

"సెప్తే ఆ పూట నా కోళ్లని ఉంచుదువేటే?" అంది.

ఉంచుదును అనడానికి నోరు తెరిచాను. సాల గడపలో నేను పెట్టిన బేసిను దగ్గర ఆమె మొహం తిప్పుకున్నది నేను చూశాను. సంత పుంజుకి తెగులుందని ఆ రోజు ఆమె అనుంటే, ఆ చుక్కలు నీకెలా తెలుసు, నీ గంపల్లోవాటికీ అదే ఉండుంటుంది అనేదాన్ని. సాయంత్రం బస్సుకి ఆమెతో పాటు ఆ పదింటినీ కూడా ఎక్కించేదాన్ని. ఆ సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకీ తెలుసు.

అప్ప నా జవాబు కోసం ఆగలేదు. గోతిలోకి మట్టి లాగడం మొదలుపెట్టింది. నేను రెండో వైపు నుంచి కాలితో మట్టి తోశాను.